ఆకుపచ్చ సూర్యుడు: క్రకటోవా నివేదికపై ఒక విమర్శ

1883 సెప్టెంబరు రెండవ వారమున మదరాసులోను, సింహళములోను ప్రజలు ఆకుపచ్చని సూర్యుని చూచిరి. ఉదయము పొడుచునపుడును, సాయంకాలము క్రుంకునపుడును సూర్యబింబము ఎర్రబారుటకు మారుగా ఆకుపచ్చగాను, కొన్ని వేళల నీలిగాను కనబడెను. ఒంగోలులో నుండిన మాన్లే అను మిషనరీ ఈ వింతను గూర్చి లండనులోని ‘నేచర్’ పత్రికకు వ్రాసెను. మదరాసు క్రైస్తవ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుచుండిన మిచీ స్మిత్ వర్ణపటదర్శినితో ఆ కాంతిని పరీక్షించెను. ఎరుపు కొసన వెలుగు బాగుగా తగ్గియుండుటయు, నీటి ఆవిరికి చెందిన చారలు బలముగా నుండుటయు ఆయన గమనించెను.

మన తరగతులలో బోధించు సూత్రము ప్రకారము ఇట్లు జరుగరాదు. గాలిలోని సూక్ష్మకణములు నీలి కాంతిని ఎక్కువగాను, ఎరుపు కాంతిని తక్కువగాను చెదరగొట్టును. అందుచేత ఆకాశము నీలముగను, దిగంతమున సూర్యుడు ఎర్రగను కనబడుదురు. ఇది ప్రతి విద్యార్థికిని కంఠస్థమైన సమాధానము. గాలిలో కణములు పెరిగినచో సూర్యుడు మరింత ఎర్రబారవలెను గాని, ఆకుపచ్చగా మారనేల? సూత్రము తప్పా? లేక సూత్రమును వాడవలసిన హద్దును మనము మరచితిమా?

ఈ ప్రశ్నను మొదటిసారి విస్తారముగా చర్చించిన గ్రంథము, 1888లో లండను రాయల్ సొసైటీ ప్రకటించిన క్రకటోవా నివేదిక. అగ్నిపర్వతములు వాతావరణముపై చూపు ప్రభావమును గూర్చి వ్రాయువారు నేటికిని దీనిని ఉదహరింతురు. ఇంత కాలము నిలిచిన గ్రంథమును పొగడి ఊరకుండుట సులభము. కాని అది ఎక్కడ గట్టిగా నిలిచినదో, ఎక్కడ జారినదో వేరుచేసి చూచుటయే మనకు లాభము. అది జారినచోటనే మన పాఠములును నేటికి జారుచున్నవి.

గ్రంథ స్వరూపము

జావా, సుమత్రా దీవుల నడుమనున్న సుండా జలసంధిలో క్రకటోవా అగ్నిపర్వతము 1883 ఆగస్టు 26, 27 తేదీలలో బ్రద్దలయ్యెను. 36,000 మందికి పైగా మరణించిరి. వారిలో అధిక సంఖ్యాకులను పొట్టన పెట్టుకొన్నది నిప్పు గాదు, సముద్రపు టలలు. ఆ ధ్వని సుమారు 4,800 కి.మీ. దూరమున, హిందూమహాసముద్రములోని రోడ్రిగ్స్ దీవిలో వినబడెను. గాలిలో పుట్టిన ఒత్తిడి తరంగము భూగోళమును పలుమారులు చుట్టివచ్చెను.

రాయల్ సొసైటీ 1884లో ఒక సంఘమును నియమించి, లోకమందలి సకల ప్రాంతముల నుండి పరిశీలనలను సేకరించెను. వర్షపాత పరిశీలనలో ప్రసిద్ధుడైన జి. జె. సైమన్స్ సంపాదకత్వమున దాదాపు 500 పుటల గ్రంథము వెలువడినది. అందు అయిదు భాగములు కలవు: అగ్నిపర్వత చర్య, గాలి తరంగములు, సముద్ర తరంగములు, ఆకాశమందలి కాంతి విశేషములు, అయస్కాంత విద్యుద్విశేషములు. వీటిలో రోలో రసెల్, డగ్లస్ ఆర్చిబాల్డ్ అనువారు వ్రాసిన కాంతి భాగమే గ్రంథములో సగమునకు మించియున్నది. మొగపుటకు చిత్రములుగా విలియం ఆస్‌క్రాఫ్ట్ 1883 నవంబరు 26వ తేదీ సాయంకాలము థేమ్సు నది ఒడ్డున, చెల్సీలో రంగుసుద్దలతో గీచిన సంధ్యాకాశ దృశ్యముల నుంచిరి. రంగులను పట్టగల ఛాయాచిత్రములు లేని ఆ కాలమున ఆయన నిమిష నిమిషమునకు మారు ఆకాశమును వందలకొలది కాగితములపై గీచెను. అవి కేవలము అలంకారములు గావు, పరిశీలన పత్రములు.

నివేదిక బలము: తేదీల లెక్క

లోకమంతటను కనబడిన వింత వెలుగులకు ఒకే పర్వతము కారణమని ఆ కాలమున అందరును ఒప్పుకొనలేదు. ఉల్కాధూళి యనినవారు కొందరు, నీటి ఆవిరి యనినవారు కొందరు. నివేదిక వాదమునకు దిగలేదు. తేదీలను, స్థలములను వరుసగా పేర్చినది. ఈ పేర్పే దాని గొప్పదనము.

ఆ లెక్కను మనము తరగతిగదిలోనే సరిచూడవచ్చును. క్రకటోవా తూర్పు రేఖాంశము 105 డిగ్రీల వద్ద నున్నది. ట్రినిడాడులో సెప్టెంబరు 2న నీలి సూర్యుడు కనబడెను. ఆ దీవి పశ్చిమ రేఖాంశము 61 డిగ్రీలు. క్రకటోవా నుండి పడమరగా పోయినచో ఇది 166 డిగ్రీల దూరము. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ 111 కి.మీ. గనుక మొత్తము సుమారు 18,400 కి.మీ. ఆరు దినములలో ఈ దూరము నడచినచో గంటకు సుమారు 128 కి.మీ. వేగమగును. హవాయి దీవులలోని హొనొలులులో సెరెనో బిషప్ అను మతాచార్యుడు సెప్టెంబరు 5న ఆకాశపు మార్పును చూచెను. అది పడమరగా 263 డిగ్రీల దూరము. తొమ్మిది దినములకు లెక్క కట్టినచో గంటకు సుమారు 135 కి.మీ. వచ్చును. రెండు లెక్కలును ఒక దానికొకటి సాక్ష్యము పలుకుచున్నవి.

ఇక మదరాసు సంగతి చూతము. అది 80 డిగ్రీల తూర్పు రేఖాంశమున నున్నది. మసకపొర మొదటిసారి ఆ రేఖాంశమును దాటునప్పటికి సన్నని పట్టీవలె భూమధ్యరేఖ చెంతనే యుండెను. ఒక చుట్టు పూర్తిచేసి, కొంత వెడల్పై, రెండవసారి వచ్చుటకు అది 385 డిగ్రీలు నడువవలెను. గంటకు 128 కి.మీ. చొప్పున దానికి దాదాపు పదునాలుగు దినములు పట్టును. ఆగస్టు 27కు పదునాలుగు చేర్చిన సెప్టెంబరు 10. దక్షిణ భారతమున ఆకుపచ్చ సూర్యుడు కనబడుట మొదలైనది సెప్టెంబరు 9, 10 తేదీలలోనే! ఉల్కాధూళి వాదమునకు ఇంతకంటె గట్టి జవాబు అవసరము లేదు.

ఈ లెక్క వలన మరియొక సత్యము బయటపడెను. భూమధ్యరేఖకు పైన, మేఘములు చేరలేని ఎత్తున, తూర్పు నుండి పడమరకు బలమైన గాలి వీచునని అంతకు ముందు ఎవరికిని తెలియదు. బెలూనులు అంత ఎత్తునకు పోలేని కాలమున దుమ్మే గాలికి గుర్తుగా నిలిచినది. అయితే ఆ గాలి ఎల్లప్పుడును అట్లే వీచునని తలచుట పొరపాటు. సుమారు 28 నెలల కొకసారి ఆ గాలులు దిక్కు మార్చి తిరిగివచ్చునని 1960–61 సంవత్సరములలో తేలినది.

మసకపొర ఎత్తును గూడ నివేదిక సంధ్యాకాలపు నిడివి నుండి కట్టినది. ఆ ఉపాయము త్రికోణమితి నేర్చిన విద్యార్థికి అందునట్టిదే. సూర్యుడు దిగంతమునకు 9 డిగ్రీలు దిగువకు పోవు వరకు పడమటి అంచున వెలుగు నిలిచెననుకొందము. 4.5 డిగ్రీల సీకెంటు నుండి 1 తీసివేయగా సుమారు 0.0031 మిగులును. దీనిని భూవ్యాసార్ధమగు 6,370 కి.మీ. తో గుణించినచో ఎత్తు సుమారు 20 కి.మీ. అగును. మన ప్రాంతమున సూర్యుడు 9 డిగ్రీలు దిగుటకు సుమారు 38 నిమిషములు చాలును. గడియారము, ఓపిక ఉన్న విద్యార్థికి ఇంతకంటె పరికరము అక్కరలేదు. అయితే నేలనంటుకొని వచ్చు కిరణములను క్రింది గాలి చాలవరకు అడ్డగించును గనుక, నిజమైన ఎత్తు ఈ లెక్కకు కొంత మించియుండును.

సూత్రము ఎక్కడ ఆగును?

ఇప్పుడు ఆకుపచ్చ సూర్యుని సమస్యకు వత్తము. 1871లో లార్డ్ రేలీ కనుగొన్న నియమము ప్రకారము పరిక్షేపణము తరంగదైర్ఘ్యపు నాల్గవ ఘాతమునకు విలోమానుపాతమున నుండును. 400 నానోమీటర్ల ఊదా కాంతి 700 నానోమీటర్ల ఎరుపు కాంతికంటె తొమ్మిది రెట్లకు మించి చెదరును. కాని ఈ నియమమునకు ఒక షరతు కలదు. కణము కాంతి తరంగమునకంటె చాల చిన్నదై యుండవలెను. గాలి అణువులు అట్టివి. అగ్నిపర్వతపు మసక కణములు అట్టివి గావు. వాటి పరిమాణము కాంతి తరంగముతో సమానము, లేదా దానికి రెండు మూడు రెట్లు.

పరిమాణములు ఇట్లు సరితూగినపుడు ఏమగును? దీనికి సంపూర్ణమైన గణితమును 1908లో జర్మనీ శాస్త్రజ్ఞుడు గుస్తావ్ మీ అందించెను. ఆ గణితము కఠినమైనను దాని సారము సులభము. ఒక మైక్రాను వ్యాసము గల సల్ఫ్యూరిక్ ఆమ్ల బిందువును తలంపుడు. దాని వక్రీభవన గుణకము సుమారు 1.43. బిందువు నడిమి గుండా పోవు తరంగము, ప్రక్కగా గాలిలో పోవు తరంగమునకంటె 0.43 మైక్రాను వెనుకబడును. 0.65 మైక్రాను ఎరుపు కాంతికి ఇది మూడింట రెండు వంతుల తరంగము. రెండు తరంగములును అడుగు తప్పినవి గనుక సూటిగా వచ్చు ఎరుపు కాంతి ఎక్కువగా నశించును. 0.45 మైక్రాను నీలి కాంతికి ఇదే వెనుకబాటు దాదాపు ఒక పూర్తి తరంగము. అడుగులు తిరిగి కలియుచున్నవి గనుక నీలి కాంతి తక్కువగా నష్టపడును. ఫలితము: సూర్యబింబము ఎరుపును కోల్పోయి నీలిగానో, ఆకుపచ్చగానో కనబడును. రేలీ నియమము తలక్రిందులైనట్లు తోచును. నిజమునకు అది తప్పలేదు, దాని రాజ్యము దాటి మనము బయటకు వచ్చితిమి.

అయితే ఈ వింతకు మరియొక నియమము అవసరము. బిందువులన్నియు ఇంచుమించు ఒకే పరిమాణమున నుండవలెను. చిన్నవి పెద్దవి కలిసియున్నచో ఒకటి తగ్గించిన రంగును మరియొకటి మిగిల్చి, మొత్తము మీద తెల్లని మసకయే మిగులును. అందుకే ఆకుపచ్చ సూర్యుడు అంత అరుదు. 1950 సెప్టెంబరులో కెనడా అడవుల కార్చిచ్చు పొగ అట్లాంటిక్ సముద్రమును దాటి వచ్చినపుడు స్కాట్లండులో నీలి సూర్యుడు కనబడెను. ఎడింబరోలో ఆర్. విల్సన్ దాని వర్ణపటమును కొలిచి, నీలిభాగమున కంటె ఎరుపుభాగమున కాంతి ఎక్కువ నష్టపడుటను అంకెలతో చూపెను. అక్కడ అగ్నిపర్వతము లేదు, కాని సమపరిమాణము గల సూక్ష్మబిందువులు కలవు. రంగును నిర్ణయించుటలో కణపు పుట్టుకకంటె దాని కొలత ముఖ్యమని ఇంతకంటె స్పష్టముగా చెప్పు ఉదాహరణ లేదు.

1888 నాటికి మీ సిద్ధాంతము లేదు గనుక రసెల్, ఆర్చిబాల్డులు ఈ లెక్క వేయలేకపోయిరని నిందించుట అన్యాయము. జర్మనీలో కీస్లింగ్ గాజుపాత్రలో సన్నని మంచు బిందువులను పుట్టించి, వాటి గుండా చూచిన వెలుగు రంగులు మారుటను చూపెను. ఆ ప్రయోగములను నివేదిక ఉదారముగా స్వీకరించినది. సిద్ధాంతము అందని చోట ప్రయోగమును పట్టుకొన్న ఆ నడక సరియైనదే.

సంజకెంజాయ, సూర్యుని చుట్టు వలయము

ఆ సంవత్సరము నవంబరు మాసాంతమున ఐరోపా, అమెరికా ఖండములలో సూర్యాస్తమయము తరువాత ఆకాశము మండినట్లు ఎర్రబారెను. న్యూయార్కు రాష్ట్రములోని పకీప్సీ పట్టణమున ఊరికి నిప్పంటుకొన్నదని భ్రమించి అగ్నిమాపక యంత్రములను పరుగెత్తించిరి. అగ్నిపర్వతపు దుమ్ము ఎర్రని కాంతిని పుట్టించినదని జనుల నమ్మకము. నేటికిని అట్లు వ్రాయువారు కలరు.

ఇది సగము నిజము. సూర్యుడు క్రుంకిన పిమ్మట అతని కిరణములు నేలను దాదాపు తాకుచు వందలాది కి.మీ. క్రింది గాలిలో ప్రయాణించి పైకి పోవును. ఆ దారిలోనే గాలి అణువులు నీలి కాంతిని చెదరగొట్టి తీసివేయును. ఎరుపెక్కిన కాంతి మాత్రమే 20 కి.మీ. ఎత్తున నున్న మసకపొరను చేరును. మసకపొర తెరవలె దానిని పట్టి మన వైపు చెదరగొట్టును. రంగు వేసినది క్రింది గాలి, తెర కట్టినది పర్వతము. ఈ విభజనను విద్యార్థికి స్పష్టముగా చెప్పినచో, పగలు తెల్లబారిన ఆకాశమే సాయంకాలము ఎర్రనగుట అతనికి వింత తోచదు.

సెరెనో బిషప్ చూచిన వలయము మరియొక చక్కని పాఠము. సూర్యుని చుట్టు నీలి ఛాయ గల తెల్లని వెలుగు, దాని వెలుపల సుమారు 20 డిగ్రీల దూరమున కపిలవర్ణపు అంచు. ఇది 1886 వరకు కనబడుచుండెను. దీనికి బిషప్ వలయమని పేరు వచ్చినది. మన పల్లెలలో వరదగుడి యని పిలుచు పరివేషముతో దీనిని పొరపడరాదు. వరదగుడి మంచు స్ఫటికములలో కాంతి వక్రీభవనము చెందుటచే 22 డిగ్రీల వద్ద ఏర్పడును, ఎరుపు దాని లోపలి అంచున నుండును. బిషప్ వలయము సూక్ష్మకణముల చుట్టు కాంతి వివర్తనము చెందుటచే ఏర్పడును, ఎరుపు వెలుపలి అంచున నుండును. కణము ఎంత చిన్నదైన వలయము అంత పెద్దది. 20 డిగ్రీల వలయమునకు కణపు వ్యాసము రెండు మైక్రానుల ప్రాంతమున నుండవలెను. చేతి వేళ్లతో కోణమును కొలువనేర్చిన పరిశీలకుడు, ఇరువది కి.మీ. ఎత్తున నున్న కణమును కొలిచినట్లే!

నివేదిక జారిన చోటు: దుమ్ము

మసకపొర దేనితో చేయబడినది? ఈ ప్రశ్నకు నివేదిక ఇచ్చిన సమాధానము: ప్యూమిస్ రాయి పొడియైన సన్నని గాజు రేకులు. ఇతర పదార్థములకు అది ఇచ్చిన స్థానము స్వల్పము. క్రకటోవా చుట్టుప్రక్కల ఓడలపై పడిన బూడిదలో అట్టి రేకులు కనబడుట దీనికి ఆధారము. క్రింద పడినది బూడిద గనుక పైన నిలిచినదియు బూడిదయే యనుట చూచుటకు సహజమైన ఊహ. కాని ఇందొక తర్కదోషము కలదు. క్రింద పడినది, పైన నిలువలేనిది గనుకనే పడినది. పైన మూడేండ్లు నిలిచినదానికి అది నమూనా కాజాలదు.

గాలిలో పడు చిన్న కణపు వేగము దాని వ్యాసార్ధపు వర్గముతో పెరుగును. పది రెట్లు పెద్దదైన కణము నూరు రెట్లు వేగముగా పడును. అందుచే ముతక బూడిద గంటలలోను, దినములలోను రాలిపోవును. మిక్కిలి సన్ననిది కొన్ని వారములు, నెలలు నిలువవచ్చును. మొదటి పక్షములో కనబడిన నీలి, ఆకుపచ్చ సూర్యులకు సన్నని బూడిదయు తోడై యుండుట అసంభవము గాదు. కాని 1886 వరకు నిలిచిన వలయమునకు బూడిద చాలదు.

నిజమైన పదార్థము పర్వతము నుండి వాయురూపమున వెడలినది. అగ్నిపర్వతములు విడుచు సల్ఫర్ డై ఆక్సైడు మేఘములకు పైనున్న స్ట్రాటో ఆవరణమును చేరినచో, కొలది వారములలో నీటి ఆవిరితో కూడి సల్ఫ్యూరిక్ ఆమ్లపు సూక్ష్మబిందువులుగా మారును. అక్కడ వాన లేదు గనుక వాటిని కడుగువారు లేరు. క్రిస్టియన్ యుంగె, ఆయన సహచరులు బెలూనులతో అట్టి గంధక కణముల పొరను కనుగొని 1961లో ప్రకటించిరి. గ్రీన్లండు, అంటార్కిటికా మంచుపొరలలో క్రకటోవా నాటి గంధక లవణపు జాడలు నేటికిని దొరకుచున్నవి.

బూడిదకు, గంధకమునకు గల వ్యత్యాసమును రెండు పర్వతములు తేటతెల్లము చేసినవి. 1980లో అమెరికాలోని సెయింట్ హెలెన్స్, 1982లో మెక్సికోలోని ఎల్ చిచోన్ బ్రద్దలయ్యెను. రెండును విడిచిన బూడిద పరిమాణము పోల్చదగినదే. కాని మొదటిది విడిచిన సల్ఫర్ డై ఆక్సైడు సుమారు పది లక్షల టన్నులు, రెండవది సుమారు 70 లక్షల టన్నులు. మొదటిదాని మసక త్వరలోనే పలుచబడెను. రెండవదాని మసక భూగోళమును చుట్టి, సంవత్సరములపాటు నిలిచెను. 2022 జనవరిలో టోంగా సముద్రగర్భమున పేలిన హుంగా పర్వతపు స్తంభము 50 కి.మీ. దాటి లేచినను, అది పంపిన సల్ఫర్ డై ఆక్సైడు అయిదు లక్షల టన్నులకు మించలేదు. అది ప్రధానముగా పంపినది నీటి ఆవిరి, సుమారు 15 కోట్ల టన్నులు. పేలుడు పెద్దదైనంత మాత్రమున ఫలితము పెద్దది కాదు.

చెదరుట వేరు, మ్రింగుట వేరు

దుమ్మా, ఆమ్లమా యను ప్రశ్న పేరుకు సంబంధించిన పేచీ కాదు. కాంతి మార్గమున అడ్డుపడిన కణము రెండు పనులు చేయగలదు. కాంతిని ప్రక్కలకు మళ్లించుట పరిక్షేపణము. కాంతిని మ్రింగి వేడిగా మార్చుకొనుట శోషణము. రెండింటి వలనను సూర్యబింబము మసకబారును. కాని భూమికి వాటి ఫలితములు వేరు. చెదరిన కాంతిలో హెచ్చుభాగము ముందువైపునకే పోయి చివరకు నేలనే చేరును. వెనుకకు, అంతరిక్షమునకు మరలిన కొంచెము భాగమే భూమికి నష్టము. మ్రింగబడిన కాంతి మాత్రము కణమున్న గాలిని వేడిచేయును.

సల్ఫ్యూరిక్ ఆమ్ల బిందువులు కంటికి కనబడు కాంతిని దాదాపు మ్రింగవు, చెదరగొట్టును. పరారుణ కిరణములను మాత్రము మ్రింగును. అందువలన అవి నేలను చల్లబరచుచు, తామున్న ఎత్తున గాలిని వేడిచేయును. 1991 జూన్ 15న ఫిలిప్పీన్సులో పినటూబో పర్వతము 1.5 కోట్ల నుండి 2 కోట్ల టన్నుల వరకు సల్ఫర్ డై ఆక్సైడును పంపినపుడు ఈ రెండును కొలతకు దొరకినవి. మరుసటి సంవత్సరము భూతలపు సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గెను. ఉష్ణమండలమున స్ట్రాటో ఆవరణము రెండు మూడు డిగ్రీలు వేడెక్కెను. దీనికి భిన్నముగా మసి కణములు కాంతిని మ్రింగును. 2019–20లో ఆస్ట్రేలియా కార్చిచ్చుల మసి స్ట్రాటో ఆవరణమును చేరి, ఎండకు కాగి, గాలిని కూడ తీసుకొని 30 కి.మీ. దాటి పైకి లేచెను.

ఇక్కడనే నివేదికలోని పెద్ద లోటు కనబడుచున్నది. అయిదు భాగములలో ఉష్ణోగ్రతకు ఒక్క భాగమైనను లేదు. ఎండ తగ్గినదా, చలి పెరిగినదా యని సంఘము విడిగా విచారింపలేదు. ఆ ప్రశ్న ఆ కాలమునకు క్రొత్తదని సమర్థింప వీలులేదు. 1783 నాటి పొడి మంచు సూర్యకిరణముల బలమును తగ్గించినదని, మరుసటి చలికాలపు తీవ్రతకు అది కారణము కావచ్చునని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784లోనే వ్రాసెను. ఆకాశపు అందమును వర్ణించుటకు వందల పుటలు వెచ్చించిన గ్రంథము, ఆ అందమునకు నేల చెల్లించిన వెలను అడుగలేదు.

నేడు ఈ విమర్శ ఎందుకు?

భూమి వేడెక్కుచున్న ఈ కాలమున, పర్వతములు చేసిన పనిని మనమే చేయుదమను ప్రతిపాదన కలదు. స్ట్రాటో ఆవరణములో గంధక కణములను చల్లి ఎండను కొంత త్రిప్పికొట్టవచ్చునని కొందరి తలంపు. 2006లో నోబెల్ బహుమాన గ్రహీత పాల్ క్రుట్జెన్ దీనిని పరిశోధింపదగినదని వ్రాసిన పిమ్మట చర్చ తీవ్రమైనది. దీనిని తీర్పరించుటకు క్రకటోవా పాఠములే కొలమానములు.

కణపు పరిమాణమే ఫలితమును నిర్ణయించునని చూచితిమి. గంధకమును రెట్టింపు పంపినచో చల్లదనము రెట్టింపు కాదు. బిందువులు ఒకదానితో నొకటి కలిసి పెద్దవగును, పెద్దవి కాంతిని అంత సమర్థముగా వెనుకకు మరల్పవు, త్వరగా రాలును. వ్యాసార్ధము రెండు మైక్రానులు దాటినచో అవి నేల వేడిని పట్టియుంచుట వలన చల్లబరచుటకు మారుగా వేడిచేయగలవు. పినటూబో తరువాత ఓజోను పొర పలుచబడెను, 1992లో భూభాగములపై వర్షపాతము తగ్గెను. ఋతుపవనములపై బ్రదుకు రైతులున్న దేశమునకు ఈ రెండవ విషయము సామాన్యమైనది కాదు. ఎండను తగ్గించు లెక్క సులభము, వానను తప్పించుకొను లెక్క కష్టము.

మన ప్రాంతమునకును ఈ పరిశోధనలో పాలు కలదు. తిరుపతి సమీపమున గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనాశాల లేజరు కిరణములను పైకి పంపి, తిరిగివచ్చు వెలుగును బట్టి మసకపొరల ఎత్తును కొలుచుచున్నది. ఆసియా ఋతుపవన కాలమున 13 నుండి 18 కి.మీ. ఎత్తున ఏర్పడు కణముల పొరను పరీక్షించుటకై 2014 నుండి గాదంకి, హైదరాబాదుల నుండి బెలూనులను పంపిరి. మిచీ స్మిత్ కంటితోను, వర్ణపటదర్శినితోను ప్రారంభించిన పని ఇట్లు సాగుచున్నది. ఆయన తరువాత 1899లో నెలకొన్న కొడైకెనాల్ వేధశాలకు మొదటి అధిపతి యయ్యెను.

ఉపాధ్యాయులకు

పదవ తరగతి పాఠములలో చిరకాలముగా చోటుచేసికొన్న ఒక ప్రయోగము కలదు. సోడియం థయోసల్ఫేటు ద్రావణములో కొలది చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లమును ఉపాధ్యాయుడే స్వయముగా కలిపి, దాని గుండా కాంతిపుంజమును పంపును. రెండు మూడు నిమిషములలో సన్నని గంధక కణములు పుట్టును. ప్రక్కల నుండి నీలి కాంతి, ఎదుట నారింజ, పిదప ఎరుపు కాంతి కనబడును. ఆకాశము నీలము, సంధ్య ఎరుపు అని చెప్పి పాఠమును అక్కడ ముగింతురు.

అక్కడ ముగించుటయే లోపము. మరికొంతసేపు వేచియుండుడు. కణములు పెరుగుకొలది ప్రక్కల కనబడు నీలిమ వెలసిపోయి తెలుపెక్కును. పాత్ర అదే, గంధకము అదే, దీపము అదే. మారినది కణపు కొలత ఒక్కటే. ఆ తెలుపును చూపి, రేలీ నియమము ఎంతవరకు వర్తించునో విద్యార్థుల చేతనే చెప్పింపుడు. మేఘము తెల్లగా నేల యున్నదని అడుగుడు. తరువాత ఆకుపచ్చ సూర్యుని కథ చెప్పుడు. సూత్రముతోపాటు దాని హద్దును నేర్చిన విద్యార్థి, ఆకాశమున గంధకము చల్లుదమని ఎవరైన చెప్పినపుడు మూడు ప్రశ్నలు అడుగగలడు: కణము ఎంతది? చెదరగొట్టునా, మ్రింగునా? ఎంత కాలము నిలుచును?

క్రకటోవా నివేదిక మూడవ ప్రశ్నకు తేదీలతో జవాబిచ్చినది. మొదటి ప్రశ్నకు వలయమును కొలిచి దారి చూపినది. రెండవ ప్రశ్నను అడుగనే లేదు, అందుచే ఆమ్లమును దుమ్మనుకొన్నది. అయినను తాను చూచినదానిని తన ఊహతో కలిపి చెరుపక, పరిశీలనలను వేరుగా, యథాతథముగా భద్రపరచినది. దాని ఊహ వీగిపోయిన తరువాతను దాని తేదీలతో, కొలతలతో మనము లెక్క కట్టగలిగితిమి. పరిశీలనను నమ్మకముగా వ్రాసి ఉంచినచో, దానికి చెప్పిన కారణము తప్పైనను తరువాతి తరము సరిదిద్దుకొనగలదని ఈ గ్రంథము ఋజువు చేయుచున్నది. అందుకే దీనిని ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు ఒక్కసారియైన తెరచి చూడవలెను. లోపములతో సహా చదువదగిన గ్రంథమిది.